పాత గేమ్ బాయ్ తెర: మార్చేయాలా, అలాగే ఉంచాలా?

కృష్ణలంక కుర్రాడు

అందరికీ నమస్తే. నెల క్రితం ఒక పాత గేమ్ బాయ్, అదే నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్, నా చేతికొచ్చింది. బూడిద రంగుది, మొట్టమొదటి మోడల్. వెనక డీఎంజీ-01 అని ఉంది. మా పెద్దమామయ్య చాలా ఏళ్లు దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేసి వచ్చారు. మొన్న అటక సర్దుతుంటే ఇది బయటపడింది. "నీకు ఇలాంటివి ఇష్టం కదరా, తీసుకో" అని ఇచ్చేశారు. లోపల టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను వరసలుగా పేర్చే ఆట) క్యాసెట్ పెట్టే ఉంది.

నాలుగు పెన్సిల్ సెల్లు వేసి స్విచ్ జరిపాను. తెర పక్కన చిన్న ఎర్ర లైటు వెలిగింది. నింటెండో పేరు పైనుంచి మెల్లగా దిగి మధ్యలో ఆగి టింగ్‌మంది. ముప్పై ఏళ్లు అటక మీద పడున్న వస్తువు అలా పలకడం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

సమస్య ఏంటంటే తెర మీద నిలువుగా ఏడెనిమిది గీతలు ఖాళీగా ఉన్నాయి. టెట్రిస్ ముక్క అక్కడికి రాగానే సగం మాయమైపోతోంది. నా ఫ్రెండ్ ఒకడు "ఆ తెర తీసేసి వెనక లైటున్న ఐపీఎస్ తెర పెట్టించు, ఫోన్‌లా మెరుస్తుంది" అంటున్నాడు. కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కూడా. నాకేమో మనసు ఒప్పట్లేదు. చిన్నప్పుడు నేను ఆడింది ఎగ్జిబిషన్‌లో కొన్న బ్రిక్ గేమ్. అసలు గేమ్ బాయ్ పట్టుకోవడం ఇదే మొదటిసారి. అయినా ఈ పచ్చ తెర వదలబుద్ధి కావట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

సోల్డర్ సత్యం

తమ్ముడూ, తొందరపడి తెర పీకొద్దు. గీతలు నిలువుగా ఉన్నాయన్నావు కదా, అది మంచి వార్త. ఆ తెర అంచున పలచటి రిబ్బన్ ఒకటి కింద బోర్డుకు అతుక్కుని ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ అతుకు అక్కడక్కడ వదిలేస్తుంది. ఏ గీతకు కరెంటు అందదో ఆ గీత ఖాళీ. తెర గాజు చెడిపోయిందని కాదు. సోల్డరింగ్ ఐరన్‌తో ఆ అతుకు మీద మెల్లగా వేడి చేస్తే మళ్లీ పట్టుకుంటుంది. నేను ఇప్పటికి నాలుగు చేశాను, మూడింటికి పూర్తిగా గీతలు పోయాయి, ఒకదానికి రెండు మిగిలాయి.

గీతలు అడ్డంగా ఉంటే మాత్రం కష్టం, ఆ అతుకు వేరే వైపు గాజుకు ఉంటుంది, అక్కడ వేడి పెడితే తెరే పోవచ్చు.

విప్పడానికి మామూలు స్క్రూడ్రైవర్ పనిచేయదు. వెనక స్క్రూలకు మూడు రెక్కల గాడి ఉంటుంది, దానికి తగిన బిట్ తెప్పించుకో. చదును స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పావంటే గాడి అరిగిపోయి జన్మలో ఊడదు.

పచ్చతెర 89

సత్యం గారు చెప్పినట్టు ముందు రిపేరు ప్రయత్నించండి. నేను అసలు తెర పక్షమే. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

గేమ్ బాయ్ జపాన్‌లో 1989 ఏప్రిల్ 21న వచ్చింది. దాని వెనకున్న మనిషి గున్‌పేయి యొకోయి. నింటెండో 1889లో క్యోటోలో హనఫుడా పేకముక్కలు చేసే దుకాణంగా మొదలైంది. యొకోయి 1965లో చేరినప్పుడు ఆయన పని ఆ ముక్కలు తయారుచేసే యంత్రాల నిర్వహణ. తర్వాత బొమ్మలు, ఆ తర్వాత 1980లో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న ఎల్‌సీడీ ఆటలు చేశాడు. రైల్లో ఒక ఉద్యోగి కాలక్షేపానికి కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్పుకుంటారు. ఇప్పుడు ప్రతి కంట్రోలర్ మీదా కనిపించే ప్లస్ ఆకారం మీట కూడా ఆయనదే, 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్‌కి చేశాడు.

ఆయన నమ్మిన పద్ధతి ఒకటుంది. మార్కెట్లోకి కొత్తగా దిగిన ఖరీదైన టెక్నాలజీ వెంట పరుగెత్తడు. అందరూ వాడేసి, లోపాలన్నీ బయటపడి, ధర దిగిపోయిన పాత టెక్నాలజీని తీసుకుని, ఎవరూ వాడని చోట వాడతాడు. గేమ్ బాయ్ నిలువెల్లా అదే. 8 బిట్ ప్రాసెసర్, వేగం 4 మెగాహెర్ట్జ్ చిల్లర. పని చేసుకోవడానికి 8 కిలోబైట్ల మెమరీ, తెరకు ఇంకో 8. తెర 160 చుక్కలు అడ్డం, 144 నిలువు. నాలుగే ఛాయలు. తెర వెనక లైటు లేదు, రంగు లేదు.

అదే ఏడాది అమెరికాలో అటారీ లింక్స్ దిగింది. రంగుల తెర, వెనక లైటు, చూస్తే కళ్లు తిరగాలి. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్, అదీ రంగులదే. రెండూ ఒక్కోటి ఆరు సెల్లు మింగేవి, నాలుగైదు గంటలకు చేతులెత్తేసేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లతో పది గంటలు దాటి హాయిగా నడిచేది. లింక్స్ ధర దాదాపు 180 డాలర్లు, గేమ్ బాయ్ 90. పిల్లవాడు సెల్లు కొనమని వారానికోసారి నాన్నను అడగాలా, నెలకోసారి అడిగితే చాలా? ఏది గెలవాలో ఇంట్లోనే తేలిపోయింది. తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి మొత్తం 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

కాబట్టి ఆ పచ్చ తెరను నేను లోపంగా చూడను. అది అలా ఉంది కాబట్టే ఆ మిషన్ రోజంతా జేబులో ఉండగలిగింది.

ఐపీఎస్ అభిమాని

పచ్చతెర గారూ, చరిత్ర బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆడేవాడి బాధ కూడా వినండి. నా దగ్గరున్నదానికి రెండేళ్ల క్రితం ఐపీఎస్ తెర వేయించాను. అంతకుముందు మంచం మీద పడుకుని ఆడాలంటే పక్కన టేబుల్ ల్యాంప్ ఉండాల్సిందే, అది కూడా మెడ వంచి సరైన కోణంలో పెట్టాలి. మారియో పరుగెడుతుంటే వెనక నీడ సాగుతుంది, దూకాల్సిన గుంట ఎక్కడుందో తెలియదు. వేగంగా కదిలే ఆటలైతే కళ్లు నొప్పి. నాకు నలభై దాటాయి, కళ్లజోడుంది, ఇప్పుడు ఆ అవస్థ నా వల్ల కాదు.

కొత్త తెర వేశాక నేను మొదటిసారి సూపర్ మారియో ల్యాండ్ చివరిదాకా వెళ్లాను. ఆ ఆట చిన్నప్పట్నుంచీ మొదటి రెండు ప్రపంచాల దగ్గరే ఆగిపోయింది. మిషన్‌ను ఇంకా ప్రేమిస్తున్నాను కాబట్టే తెర మార్చాను. అల్మారాలో పెట్టుకుని చూసుకోవడానికైతే అసలుది ఉంచండి. రోజూ ఆడాలంటే మార్చండి. సెల్లు కాస్త తొందరగా అయిపోతాయి, రీచార్జి సెల్లు వాడితే సరిపోతుంది.

పచ్చతెర 89

కళ్ల సంగతి మీరు చెప్పింది న్యాయమే. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఒక్క మాట మాత్రం. అప్పటి ఆటలు చేసినవాళ్లు ఆ నీడను చూసుకుంటూనే చేశారు. టెట్రిస్ ముక్క మెట్లుమెట్లుగా దిగుతుంది, జారదు, అందుకే ఆ తెర మీద అంత బాగా కుదిరింది. కర్బీ ఆటలో హీరో కర్బీ తెల్లగా గుండ్రంగా ఉంటాడు, వెనక దృశ్యం దాదాపు ఖాళీ. ఆ తెర మీద ఏది కనిపిస్తుందో ఏది కనిపించదో తెలిసినవాళ్లు గీసిన బొమ్మలవి.

డాలస్ లక్ష్మి

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. నేను అమెరికాలోనే పెరిగాను. 1991లో నాకు గేమ్ బాయ్ వచ్చింది, పెట్టెలోనే టెట్రిస్ ఉండేది. ఆ ఏడాది మా తమ్ముడి పురిటికి అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆరు నెలలు ఉంది. చలికాలం, బయటికి వెళ్లడానికి లేదు, టీవీలో భాష అర్థం కాదు, చుట్టుపక్కల మాట్లాడే మనిషి లేదు. రోజూ కిటికీ దగ్గర కూర్చుని మంచు చూసేది.

ఒకరోజు నేను ఆడుతుంటే పక్కకొచ్చి "ఏంటే అది, ఇటుకలు పేరుస్తున్నావా?" అంది. చేతికిచ్చాను. ఒక్క అక్షరం ఇంగ్లీషు రాదు అమ్మమ్మకి. ఎవరూ నేర్పలేదు కూడా. పది నిమిషాల్లో వరస నిండితే పోతుందని తనే కనిపెట్టింది. వారానికల్లా నా స్కోరు దాటేసింది. పొడుగు ముక్క కోసం పక్కన సందు ఉంచుకుని ఎదురుచూసేది, అది వచ్చి నాలుగు వరసలు ఒకేసారి పోతే "హమ్మయ్య" అని గట్టిగా అనేది. నేను బడి నుంచి వచ్చేసరికి "నీ డబ్బాలో సెల్లు అయిపోయాయే" అని ముందే చెప్పేది.

ఆ గేమ్ బాయ్ ఇప్పటికీ నా దగ్గరుంది. తెర మార్చలేదు, మార్చను. ఎడమ పక్కన కాంట్రాస్ట్ చక్రం ఉంటుంది కదా, అమ్మమ్మ దాన్ని కొంచెం ముదురుగా పెట్టుకునేది. నేను అక్కడే ఉంచాను.

కృష్ణలంక కుర్రాడు

లక్ష్మక్కా, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అమ్మ రెండోసారి చదవమంది.

నుమాయిష్ నవీన్

అక్క రాసింది చదివాక నాకూ మా ఇంటి బ్రిక్ గేమ్ గుర్తొచ్చింది. నాంపల్లి నుమాయిష్‌లో కొన్నాం. "9999 ఆటలు" అని డబ్బా మీద ఉండేది. నిజానికి పదో పన్నెండో ఆటలు, వేగాలు మార్చి లెక్క పెంచేవాళ్లు. ఇది గేమ్ బాయ్‌కి నకలేనా? నేను చాలాకాలం అలాగే అనుకున్నాను.

సోల్డర్ సత్యం

పోలిక రూపంలోనే నవీన్, లోపల రెండిటికీ సంబంధం లేదు. బ్రిక్ గేమ్ తెర మీద గళ్లు ముందే అచ్చయి ఉంటాయి, అడ్డం పది, నిలువు ఇరవై. కాలిక్యులేటర్ అంకెల్లాగా ఒక్కో గడి వెలగడం ఆరడం తప్ప ఇంకేం చేయలేదు. అందుకే దాంట్లో కారు కూడా ఇటుకలే, పాము కూడా ఇటుకలే. ఆటలన్నీ లోపలి చిప్‌లోనే ఉంటాయి, క్యాసెట్ మార్చడం ఉండదు.

గేమ్ బాయ్‌ది చుక్కల తెర, ఏ బొమ్మయినా గీయొచ్చు. డీఎంజీ అంటే డాట్ మ్యాట్రిక్స్ గేమ్ అనే. క్యాసెట్ మారిస్తే కొత్త ఆట. అయితే బ్రిక్ గేమ్‌ను తక్కువ చేయను. మన ఊళ్లలో వంద రూపాయలకు టెట్రిస్‌ను పిల్లల చేతిలో పెట్టింది అదే. గేమ్ బాయ్ అయితే గల్ఫ్ నుంచో అమెరికా నుంచో ఎవరో ఒక చుట్టం తేవాలి.

నాలుగు చానళ్లు

నేను ఆటల కోసం గేమ్ బాయ్ కొనలేదు, సంగీతం కోసం కొన్నాను. దాని సౌండ్ చిప్‌లో నాలుగు చానళ్లు. రెండు చతురస్రపు అలలవి, ఒకటి మనకు కావలసిన అలను మనమే గీసుకునేది, ఒకటి చప్పుడు, డప్పులకు అదే. మాట్లాడే స్పీకర్ ఒకటే అయినా హెడ్‌ఫోన్ పెడితే స్టీరియో. కింద ఉన్న రంధ్రంలో హెడ్‌ఫోన్ గుచ్చి టెట్రిస్ మొదటి పాట ఒకసారి వినండి. అది కొరొబెయినికి అనే పాత రష్యన్ జానపద పాట. నింటెండో సంగీతకారుడు హిరొకజు తనాకా దాన్ని ఈ నాలుగు చానళ్లలో ఇమిడ్చాడు.

2000 ప్రాంతంలో ఒక స్వీడన్ కుర్రాడు చేసిన ఎల్‌ఎస్‌డీజే అనే ప్రోగ్రాంతో గేమ్ బాయ్ మీదే పాటలు కట్టొచ్చు. ప్రపంచమంతా కచేరీలు చేసేవాళ్లున్నారు. బూడిద రంగు మొదటి మోడల్ శబ్దం మిగతా మోడళ్లకన్నా బరువుగా, కింది స్వరాలు నిండుగా ఉంటుందని వాళ్ల నమ్మకం, నాకూ అలాగే వినిపిస్తుంది. కుర్రాడు గారూ, తెర సంగతి ఏం చేసినా బోర్డు మాత్రం జాగ్రత్త.

ఐపీఎస్ అభిమాని

సెల్లు పెట్టే చోట స్ప్రింగులు చూశారా? తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే పాత సెల్లు కారాయని అర్థం. దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిస్తే పోతుంది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టండి. క్యాసెట్ కాంటాక్టులకూ అదే ఆల్కహాల్. నోటితో ఊదడం మానేయండి, ఉమ్మి తడికి రాగి తీగలు తుప్పు పడతాయి.

151 వెంకట్

పోకెమాన్ గురించి ఎవరూ రాయలేదేంటి! 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో రెడ్, గ్రీన్ అనే రెండు పోకెమాన్ క్యాసెట్లు వచ్చాయి. అప్పటికి గేమ్ బాయ్‌కి ఏడేళ్లు, పని అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ ఆట చేసిన సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పట్టేవాడు. రెండు గేమ్ బాయ్‌ల మధ్య లింక్ కేబుల్ చూసి, దాని గుండా పురుగు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పాకుతున్నట్టు ఊహించుకున్నాడు. అదే పోకెమాన్. ఆటలో పట్టుకోవాల్సిన జీవులన్నీ కావాలంటే ఒక్క క్యాసెట్ చాలదు, స్నేహితుడి దగ్గర ఇంకోటి ఉండాలి, మార్చుకోవాలి. ఒంటరిగా ఆడే డబ్బాను నలుగురు చేరే డబ్బా చేసేశాడు.

ఒక హెచ్చరిక. పోకెమాన్‌లో మనం దాచుకున్న ఆట క్యాసెట్ లోపల నాణెమంత బ్యాటరీ మీద బతుకుతుంది. అది అయిపోతే అంతా పోతుంది. నాది పసుపు క్యాసెట్, నూట ముప్పై పైన పట్టాను. బ్యాటరీ మార్చమని ఒక రిపేరు షాపులో ఇచ్చాను. పాతది తీసే ముందు ఆటను కాపీ చేసి దాచాలని వాళ్లకు తెలియదు, నేను చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి ఖాళీ. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. మీరు ఆ పని చేయించే ముందు కార్ట్ రీడర్ (క్యాసెట్‌లో దాచుకున్న ఆటను కంప్యూటర్‌లోకి కాపీ చేసే పరికరం) ఉన్నవాళ్లను పట్టుకుని కాపీ తీయించండి. టెట్రిస్‌కి ఆ గొడవ లేదు, బ్యాటరీనే ఉండదు.

పచ్చతెర 89

అవును, టెట్రిస్ క్యాసెట్ మొత్తం 32 కిలోబైట్లు. ఉదయాన్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫొటో అంతకన్నా పెద్దది.

టెట్రిస్ 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేశాడు. అమెరికాలో గేమ్ బాయ్‌తో పాటు మారియో ఇద్దామని నింటెండో అనుకుంటే, ఆటల ప్రచురణకర్త హెంక్ రోజర్స్ వెళ్లి, మారియో పెడితే మగపిల్లలు కొంటారు, టెట్రిస్ పెడితే అందరూ కొంటారని ఒప్పించాడు. ఆ హక్కుల కోసం 1989లో స్వయంగా మాస్కో వెళ్లాడు. లక్ష్మి గారి అమ్మమ్మ ఆ మాటకు సాక్ష్యం.

1993లో సెరెబ్రోవ్ అనే రష్యన్ వ్యోమగామి టెట్రిస్ పెట్టిన గేమ్ బాయ్‌ను మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లాడు. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడిలో కాలిపోయిన గేమ్ బాయ్ ఒకటి న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి ఉంచారు. పై డబ్బా కరిగి నల్లబడింది, తెర మీద మాత్రం టెట్రిస్ నడుస్తూనే ఉండేది.

కృష్ణలంక కుర్రాడు

చేసేశాను! వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మూడు రెక్కల బిట్ వచ్చింది. వెనక స్క్రూలు ఆరు, రెండు సెల్లు పెట్టే చోట దాక్కున్నాయి. రెండు ముక్కలూ ఒక కేబుల్‌తో కలిసి ఉన్నాయి, గట్టిగా లాగకుండా నిటారుగా పీకాను. ముందు పలక బోర్డు స్క్రూలు మామూలివే. బోర్డు తీశాక తెర కింద సన్నటి నల్ల రబ్బరు పట్టీ కనిపించింది. పట్టకారుతో దాన్ని ఒలిచాను. కింద గోధుమ రంగు రిబ్బన్, దాని మీద తల వెంట్రుకలంత గీతలు.

సత్యం అన్నకు వీడియో కాల్ చేశాను. మళ్లీ కేబుల్ కలిపి, సెల్లు వేసి, ఆన్‌లో ఉంచి చేయమన్నారు, ఏ గీత వస్తోందో అప్పుడే కనిపిస్తుందట. ఐరన్ వేడి బాగా తగ్గించి, గాజుకు తగలకుండా, రిబ్బన్ అతుకు మీద మెల్లగా ఎడమ నుంచి కుడికి జరిపాను. టెన్షన్‌తో చెయ్యి వణికింది. మొదటిసారి ఏమీ మారలేదు. రెండోసారి ఐరన్ వెళ్తుంటే దాని వెనకే ఒక గీత నల్లగా వెలిగింది. తర్వాత ఇంకోటి. ఒకచోట ఉన్న గీత కూడా పోయింది, గుండె ఆగినంత పనయింది, వెనక్కి వస్తే మళ్లీ వచ్చింది. పావుగంటలో అన్నీ వచ్చేశాయి. ఒక్క గీత కూడా మిగల్లేదు.

తెర మార్చట్లేదు. ఐపీఎస్ అభిమాని గారూ, మీరు చెప్పింది తప్పని కాదు. రాత్రిపూట ఆడటానికి తర్వాత ఇంకో మిషన్ దొరికితే దానికి వేయిస్తాను. ఇది మామయ్యది.

సోల్డర్ సత్యం

శభాష్ తమ్ముడూ. ఆ రబ్బరు పట్టీ మళ్లీ పెట్టడం మర్చిపోకు, అతుకును నొక్కి ఉంచేది అదే.

ఐపీఎస్ అభిమాని

చాలా సంతోషం. ఇంత బాగా వచ్చిన తెరను నేనైనా మార్చను.

కృష్ణలంక కుర్రాడు

ఇంకొక్క సంగతి. నిన్న ఆదివారం మామయ్య భోజనానికి వచ్చారు. చెప్పకుండా చేతిలో పెట్టాను. స్విచ్ జరిపి, టింగ్‌మనగానే నవ్వారు. అప్పుడు చెప్పారు, 1992లో జీతం దాచుకుని కొన్నారట. గదిలో ఆరుగురు ఉండేవాళ్లు, ఒక తణుకు ఆయన, ఇద్దరు కేరళ వాళ్లు, ఒక పాకిస్తానీ ఆయన కూడా. గదిలో టీవీ లేదు. డ్యూటీ అయ్యాక వంతులు వేసుకుని ఆడేవాళ్లు, సెల్లు ఎవరు కొనాలో కూడా వంతే. ఎక్కువ స్కోరు చేసినవాడి పేరు గోడ మీద పెన్సిల్‌తో రాసేవాళ్లట.

మాట్లాడుతూనే, కిందికి చూడకుండా, ఎడమ బొటనవేలితో కాంట్రాస్ట్ చక్రం తిప్పి తనకు కావలసిన చోట ఆపారు. హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతున్నా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. గంటన్నర ఆడారు. ఫోన్ రెండుసార్లు మోగినా తీయలేదు.

వెళ్తూ వెళ్తూ "ఇద్దరం ఆడుకునే వైరు ఉండేదిరా దీనికి, తణుకు ఆయన కొన్నాడు, అది ఆయన దగ్గరే ఉండిపోయింది" అన్నారు. ఇంకో గేమ్ బాయ్, ఇంకో టెట్రిస్ క్యాసెట్ నేను చూసుకుంటాను. మొదటి మోడల్‌కి సరిపోయే లింక్ కేబుల్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. తర్వాత వచ్చిన పాకెట్, కలర్ వాటికి పిన్ చిన్నది, దీంట్లో పట్టదట. సంక్రాంతికి మామయ్య మళ్లీ వస్తున్నారు.

డాలస్ లక్ష్మి

నా దగ్గర ఒకటుంది తమ్ముడూ, బూడిద రంగుదే, పాతదే. డిసెంబర్‌లో విజయవాడ వస్తున్నాం. తెచ్చిస్తాను.